రికార్డు కాని ముప్ఫై అయిదేళ్లు

బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ సంగీత జీవితం గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు సంవత్సరాల దగ్గర ఆగుతారు. 1928లో ఓకె రికార్డు కంపెనీ ఆయన పాటలను మొదట మెంఫిస్‌లో, తర్వాత న్యూయార్క్‌లో రికార్డు చేసింది. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. అంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. హర్ట్ మిసిసిపీ రాష్ట్రంలోని అవలాన్ పల్లెలో పొలం పనుల్లోనే ఉండిపోయారు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే అభిమాని 'అవలాన్ బ్లూస్' పాటలోని ఊరి పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి ఆయన్ని కలిశాడు. ఆ ఏడే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వేలమంది ఆయన పాట విన్నారు. దీన్ని 'పునరావిష్కరణ' అంటున్నారు. నడుమనున్న ముప్ఫై అయిదేళ్లను సున్నా కింద లెక్కగట్టే ఈ పద్ధతి తప్పని నా అభిప్రాయం. ఆ కళ నిలిచింది ఆ ఏళ్లలోనే.

సాక్ష్యం ఆయన చేతిలోనే ఉంది. బొటనవేలు లావు తీగల మీద ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ లయను నడుపుతుంది. మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట వరసను, ఆ లయకు కాస్త ముందుగానో వెనగ్గానో పడేట్టు పలికిస్తాయి. ఒక్క గిటారే ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. ఇలాంటి పనితనం జ్ఞాపకంలో దాచుకుంటే నిలిచేది కాదు, వేళ్లు ఆడుతుంటేనే ఉంటుంది. 1928 నాటి 'ఫ్రాంకీ'ని, అరవైలలో డెబ్బై దాటిన మనిషి వాయించిన అదే పాటను వెంటవెంటనే వినండి. నడక కొంచెం నెమ్మదించింది, గొంతు ముదిరింది, కానీ బొటనవేలు తడబడదు. గొంతెత్తి అరవకుండా పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడే తీరూ అదే. పొరుగిళ్లలోనూ ఊరి డాన్సుల్లోనూ పెరిగిన సంగీతమిది. కంపెనీకి ఆయన పేరు చెప్పింది కూడా ఆ డాన్సుల్లో ఆయనతో కలిసి వాయించిన ఫిడేలు కళాకారుడు విల్లీ నార్మరే.

మారకపోవడం గొప్పా అని ఎవరైనా అడగవచ్చు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ విడిచి షికాగో చేరాడు. క్లబ్బుల రొదలో వినపడడానికి ఎలక్ట్రిక్ గిటారు పట్టి బ్లూస్ దారినే మార్చేశాడు. నిజమే, కానీ ఆ మార్పు అక్కడి గదులు కోరినది. అవలాన్ గదులు కోరింది వేరు. ఇద్దరూ తమ ముందు కూర్చున్నవాళ్ల కోసమే వాయించారు. పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు మౌనంగా ఉన్నా విద్య దానంతటదే నిలుస్తుందేమో అనేవాళ్లకు బ్లూస్ గాయకుడు సన్ హౌస్ ఉదాహరణ చాలు. అంతటి దిగ్గజం గిటారు పక్కన పెట్టేశాడు. 1964లో ఆయన్ని కనుక్కున్నాక, ఆయన పాత పాటలను ఆయనకే మళ్లీ గుర్తుచేయడానికి ఆల్ విల్సన్ అనే కుర్రవాడు పక్కన కూర్చోవలసి వచ్చింది. కాలం ఎవరి విద్యనూ ఊరికే కాపాడదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. వర్ణవివక్ష రాజ్యమేలిన మిసిసిపీలో ఒక నల్లజాతి వ్యవసాయ కూలీకి దక్కిన బతుకును కళాసాధనగా పొగడడం పేదరికానికి రంగులు పూయడం కాదా? హర్ట్ ఆ జీవితాన్ని కోరి ఎంచుకోలేదు. ఆయన నడివయసు పాట ఎలా ఉండేదో వినే భాగ్యం మనకు లేకపోవడం పూడ్చలేని నష్టం, ఆ నష్టానికి కారణమైన వ్యవస్థను ఏ మాత్రం క్షమించనక్కర్లేదు. అయితే రికార్డు లేని ఏళ్లను శూన్యమంటే ఆ అన్యాయానికి మరొకటి కలుపుతున్నాం. పగలంతా పత్తి చేలలో పనిచేసి రాత్రి ఆయన గిటారుకు చిందులేసినవాళ్లు శ్రోతలే కారన్నట్టు అవుతుంది. 1928 నుంచి మనకు మిగిలినవి 13 పాటలే. 1963లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేసినప్పుడు ఆయన వినిపించినవి అంతకు ఎన్నో రెట్లు: కథా గేయాలు, చర్చి పాటలు, డాన్సు వరసలు. వాటిలో చాలావాటిని అవలాన్ చుట్టుపక్కల జనం అప్పటికే ఏళ్ల తరబడి విని ఉన్నారు.