శామ్యూల్ స్యూవల్ డైరీ: అనుదిన భక్తి, బహిరంగ ఒప్పుకోలు

న్యూ ఇంగ్లండు ప్యూరిటన్లను గూర్చి మన ప్రసంగాలలో రెండు అభిప్రాయాలు వినబడుతుంటాయి. కొందరికి వారు భక్తికి మాదిరి. మరికొందరికి దయలేని ఛాందసులు. ఈ రెండింటినీ సరిచూచుకొనుటకు బోస్టను వర్తకుడు, న్యాయాధిపతి అయిన శామ్యూల్ స్యూవల్ 1674 నుండి 1729 వరకు వ్రాసిన డైరీ తగిన ఆధారమని మేము తలస్తున్నాము.

ఈ డైరీలో సిద్ధాంత చర్చ తక్కువ, ఇంటి సంగతులు ఎక్కువ. కుటుంబ ప్రార్థన, వరుసగా అధ్యాయాల పఠనము, ఉపవాస దినాలు, విన్న ప్రసంగాలు, భోజనాలు, వాతావరణము, అంత్యక్రియలు అన్నీ ఇందులో ఉన్నాయి. క్రిస్మస్‌ను వారు ఆచరించలేదు. ఆ రోజున దుకాణాలు యథాప్రకారం తెరచి ఉన్నాయని ఆయన సంతృప్తితో వ్రాసుకున్నాడు. ఆయనకు పుట్టిన 14 మంది పిల్లలలో అనేకులు చిన్నతనములోనే మరణించారు. వ్యాధి, ప్రయాణము, ప్రసవము వంటి సందర్భాలలో విశ్వాసులు చీటీ వ్రాసి ఇస్తే, కాపరి దానిని సంఘము ఎదుట చదివి ప్రార్థించడం అక్కడి వాడుక.

అయితే ఇంత క్రమమైన భక్తి 1692లో అన్యాయాన్ని ఆపలేదు. సేలములో మంత్రగత్తెలన్న నేరము మోపి విచారించిన న్యాయస్థానములో స్యూవల్ ఒక న్యాయాధిపతి. 19 మంది ఉరితీయబడ్డారు. నిందితుల ఆకారము తమకు కనబడి బాధించిందని కొందరు చెప్పిన మాటను ఆ న్యాయస్థానము సాక్ష్యముగా అంగీకరించింది. చిన్న విందును సైతం నమోదు చేసే డైరీ ఈ విచారణల విషయములో చాలా క్లుప్తముగా ఉంది. ఈ గ్రంథములోని పెద్ద లోపము ఇదేనని మా అభిప్రాయము.

1696 డిసెంబరు 23న ఆయన చిన్న కుమార్తె సారా మరణించింది. మరుసటి రోజు కుమారుడు లాటిను భాషలో మత్తయి 12వ అధ్యాయము వల్లించగా, నిర్దోషులపై తీర్పు తీర్చుటను గూర్చిన 7వ వచనము ఆయనకు సేలమును జ్ఞాపకము చేసింది. 1697 జనవరి 14న, ఉపవాస దినమున, బోస్టను దక్షిణ సంఘములో ఆయన కాపరి శామ్యూల్ విల్లార్డ్ చేతికి ఒక చీటీ అందించాడు. కాపరి చదువుచుండగా నిలువబడి, ముగిసిన తరువాత తలవంచాడు. ఆ నింద, సిగ్గు తనవేనని ఒప్పుకొని మనుష్యులను క్షమాపణ అడిగాడు. ఆ న్యాయాధిపతులలో మరెవరూ ఈలాగు బహిరంగముగా ఒప్పుకోలేదు.

ఇక్కడ మేము గమనించినది ఏమనగా, ఆయన దీనికొరకు క్రొత్త పద్ధతి వెదకలేదు. అంతకు ముందు జబ్బులకు, ప్రయాణాలకు వాడిన ఆ చీటీనే పాపపు ఒప్పుకోలుకు వాడాడు. అనుదిన ఆచారము ఆయనను పాపము నుండి తప్పించలేదు గాని, తిరిగి వచ్చుటకు దారి చూపింది. అయినను ఆ ఒప్పుకోలును లోపము లేనిదిగా పొగడలేము. అది తన కుటుంబముపై పడిన దెబ్బలతో మొదలవుతుంది. ఉరితీయబడిన వారిలో ఒక్కరి పేరైనా అందులో లేదు. బాధిత కుటుంబాలకు ప్రభుత్వము నష్టపరిహారము మంజూరు చేసినది 1711లో మాత్రమే.

మన సంఘాలలోను ప్రార్థన విన్నపాల చీటీలు వస్తుంటాయి. జబ్బు, పరీక్షలు, ఉద్యోగము, వివాహము కొరకు వాటిని చదువుతాము. పెద్దలుగా, కాపరులుగా మనము చేసిన అన్యాయాన్ని ఒప్పుకొంటూ, నష్టపోయిన వారి పేరు చెప్పి, మనమే చీటీ వ్రాయవలసిన దినము వస్తే వ్రాయగలమా? ప్యూరిటన్లను మాదిరిగా చూపే ప్రతి ప్రసంగీకుడు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను.