జోలెలో మొదటి ముద్ద

విజయనగరం సంగీత కళాశాల గురించి ఎవరు రాసినా ఒక ఆకలి కథ దగ్గర ఆగుతారు. ఘంటసాల చిన్నతనంలో ఉంగరం అమ్ముకుని ఆ ఊరు చేరడం, వారాలు చేసుకుని చదవడం, ఆ వారాలూ తప్పిపోవడం, పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి ఉచితంగా పాఠం చెప్పడం, జోలె పట్టుకుని మాధుకరానికి వీధులు తిరగడం. మన ప్రాంతంలో ఈ కథ తెలియని ఇల్లుండదు. మా అమ్మ అన్నం వదిలేసినప్పుడల్లా నాకు ఇదే చెప్పేది.

ఆ ఆకలిని తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. సంగీత విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో చెప్పడానికి మనకు మిగిలిన నమూనా ఈ ఒక్కటే ఎందుకైందని అడగాలనుకుంటున్నాను.

కళాశాల పుట్టుక 1919లో. విజయరామ గజపతిరాజు ఆస్థానంలో ఒక ఉద్యోగికి చూపులేని కొడుకు ఉండటం, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన పెద్దదై బడిగా మారడం దాని స్థాపన కథ. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చారు. ఇంతవరకూ పేర్లన్నీ మగవాళ్లవే. ఈ చరిత్రలోకి స్త్రీ ఎక్కడ ప్రవేశిస్తుందని వెతికితే, నాకు మొదట కనిపించింది ఒక గుమ్మంలో, చేతిలో అన్నంతో.

ఘంటసాల జోలెలో మొదటి ముద్ద వేసిన తల్లిగా కొన్ని కథనాలు చెప్పేది సరిదె లక్ష్మీనరసమ్మ గురించి. కళావర్ రింగ్ అనే పేరుతో విజయనగరంలో ప్రసిద్ధురాలైన కళాకారిణి. ఆమె కళావంతుల ఇంటి మనిషి. పాటా ఆటా ఆమెకి వృత్తి, విద్య. అయినా ఘంటసాల కథలో ఆమె చేసే పని అన్నం పెట్టడం. ఒక గాయకుడి జీవితంలోకి ఇంకో కళాకారిణి వచ్చి, తన కళనంతా గుమ్మం లోపలే వదిలేసి, ‘అమ్మ’గా మాత్రమే బయటికి రావలసి వచ్చింది. ఆమె ఏం సాధన చేసింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, పొద్దున్నే ఏ వేళకి శ్రుతి పట్టేది? ఆ కథకి ఈ ప్రశ్నలతో పని లేదు. తల్లిని చేసి గౌరవించడం కూడా మనిషిని చెరిపేసే పద్ధతుల్లో ఒకటని స్త్రీవాద విమర్శ మనకి ఎప్పుడో నేర్పింది.

మాధుకరం గురించి కూడా కొంచెం ఆలోచించాలి. అది ఆకలి తీర్చే మార్గమే గానీ అందరికీ తెరిచిన మార్గం కాదు. వడుగైన బ్రాహ్మణ పిల్లవాడికి అది ఆచారం. అదే ఆకలితో అదే వీధిలో ఒక మాల పిల్లవాడు నిలబడితే దానికి మాధుకరమని పేరు ఉండదు. ఆడపిల్ల నిలబడితే ఏ పేరు పెట్టేవారో చెప్పక్కర్లేదు. ‘ఎన్ని కష్టాలైనా పడి విద్య నేర్చుకున్నాడు’ అన్న వాక్యంలో, కష్టపడటానికి దొరికే అనుమతి కూడా కులమూ జెండరూ కలిసి ఇచ్చేదేనన్న సంగతి దాగి ఉంది.

ఇక రెండో కథ పి. సుశీలది. 1935లో ఆ ఊళ్లోనే పుట్టారు. తండ్రి న్యాయవాది. మహారాజా కళాశాలలో డిప్లొమా తీసుకుని మద్రాసు వెళ్లారు. నేను చదివిన జీవిత కథనాల్లో విజయనగరం చదువు రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. 2016లో గిన్నిస్ వాళ్లు ఆవిడ పాటలు 17,695 అని లెక్కగట్టారు. పాటలు లెక్కపెట్టాం గానీ, ఆ పాటలకి ముందున్న పొద్దులు మనకి కథావస్తువు కాలేదు. మగపిల్లవాడు వీధిలో నేర్చుకున్నాడు కాబట్టి కథ దొరికింది. ఇంటిపట్టున నేర్చుకున్న పిల్లకి ‘సహజ ప్రతిభ’ అన్న మాటొక్కటి సరిపెట్టారు. ఆ మాట వల్ల ఆమె చేసిన శ్రమ కనపడకుండా పోయింది.

ఈ రెండు కథల మధ్యలో ఒక చట్టం ఉంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకితాలను నిషేధించారు. అది రావలసిన చట్టమే. కానీ ఆ సంస్కరణ ఉద్యమం నడిచిన దశాబ్దాల్లోనే పాట కళావంతుల ఇళ్ల నుంచి కళాశాలలకీ, ‘సంసార పక్షపు’ పిల్లల దగ్గరికీ చేరింది. పాటకి గౌరవం వచ్చింది, దాన్ని అంతకాలం మోసినవాళ్లకి రాలేదు. గురజాడ మధురవాణిని అంత తెలివైనదాన్ని చేసిన ఊరే ఇది.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. డిగ్రీ రోజుల్లో ఆమదాలవలస నుంచి ప్యాసింజర్ ఎక్కి, పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల దాటుకుంటూ విజయనగరం వెళ్లి ఒక టీచరమ్మ ఇంట్లో వీణ నేర్చుకున్నాను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు. అలాంటిది కొనే స్తోమత మాకు లేదు. ఉన్నా ఆ రద్దీలో మోసుకు తిరగలేను. ఆవిడ వీణ మీద వాయించిన గంటే నా సాధన.

వీణ నేర్చుకునేవాళ్లకి ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల మీద కాయలు కట్టాలి. కడితేనే తీగ లాగగలం. ఇంట్లో బట్టలు నా వంతు. సబ్బు నీళ్లలో నాని కాయలు మెత్తబడేవి. మర్నాడు తీగ కోసేది. ‘సాధన చేయట్లేదు కదూ’ అనేవారు టీచరమ్మ. ఉతుకుడు గురించి చెప్పడానికి సిగ్గేసేది. మాయామాళవగౌళలో సరళీ వరుసలు రెండో కాలం వరకూ బాగానే వచ్చాయి. మూడో కాలంలో వేళ్లు అందుకోలేదు.

చలికాలం వచ్చింది. తిరుగు బండి ఆలస్యమైన ఒక రాత్రి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. “ఆడగుంటకి చీకట్లో ఈ రైళ్లేటే? పెళ్లిచూపుల్లో పాడ్డానికి వొచ్చింది చాల్లే” అంది. అంతటితో ఆగిపోయింది. నన్నెవరూ కొట్టలేదు, బహిష్కరించలేదు, ఆకలితో పెట్టలేదు. అందుకే నా దగ్గర చెప్పుకోదగ్గ కథ లేదని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మానేసినవాళ్ల రోజులు కూడా సంగీత చరిత్రలో భాగమే. ఏ వేళకి బండి, ఎవరింటి వీణ, వంట ఎవరిది, ఉతుకుడు ఎవరిది అన్న వివరాలు కూడా రాగం పేరంత ముఖ్యంగా రాసుకోవాలి. మన ఇళ్లల్లో అమ్మల్నీ అమ్మమ్మల్నీ ఎంతవరకు నేర్చుకున్నారని అడుగుతాం. ఎక్కడ ఆగారు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందని కూడా అడగాలి. మొన్న మా అమ్మని అడిగాను. తను నాలుగు కీర్తనలు నేర్చుకుని ఆపేసిందట. ఎందుకని అడిగితే, “నువ్వు కడుపులో పడ్డావు” అంది.