అన్నశబ్దము - మీట్ శబ్దము: అర్థసంకోచవిచారము

ఆంగ్లమున ఫుడ్, మీట్ అను పదములకు వరుసగా ఆహారము, మాంసము అని పాఠశాలలలో అర్థము చెప్పుట పరిపాటి. నేఁటి వాడుకకు ఇది చాలును, ప్రాచీనగ్రంథములకుఁ జాలదు.

మీట్ శబ్దము పూర్వము ఆహారసామాన్యవాచకము. 1611 నాఁటి ఆంగ్లబైబిలున లేవీయకాండము రెండవ అధ్యాయమందుఁ జెప్పఁబడిన మీట్ ఆఫరింగ్ పిండి, నూనె, సాంబ్రాణులతో సమర్పింపఁబడునది. అందు మాంసలేశమైనను లేదు. నేఁటి అర్థమును బట్టి దానిని మాంసనివేదన మనువాఁడు గ్రంథమును దలక్రిందు చేసినవాఁడగును. ఈ చిక్కును గని కాఁబోలు, 1885 నాఁటి సవరణపాఠమున పిండిని దెలుపు మీల్ శబ్దము గ్రహింపఁబడినది. తెలుఁగు బైబిలులోని నైవేద్యశబ్దమునకు ఈ దోషము లేదు.

ఇట్టి సంకోచము మన భాషకుఁ గ్రొత్త కాదు. అన్నశబ్దము భక్షణార్థకమగు అద్ ధాతువునుండి పుట్టినది. తకారాది కిత్ప్రత్యయము పరమగునపుడు ఆ ధాతువునకుఁ బాణిని జగ్ధ్యాదేశము విధించెను గదా, అన్నమను రూపమెట్లు పొసఁగునని శంక. వేఱొకసూత్రమునఁ బాణినియే అన్నశబ్దమును బ్రయోగించుటచే నిది నిపాతనసిద్ధమని కాశికాకారుల సమాధానము. వ్యుత్పత్తిచేఁ దినఁబడునదెల్ల నన్నమే. అయినను కృష్ణకాలువల క్రింద వరి పండు తెనాలిప్రాంతమున, అంగలకుదురు వంటి గ్రామములలో, ఉత్త అన్నమనఁగా వరియన్నమే. జొన్నలు వండినచో జొన్నన్నమని విశేషించి చెప్పవలెను.

పూర్వార్థము నశింపలేదు, సమాసములలో దాఁగియున్నది. అన్నపానములు, అన్నవస్త్రములు, అన్నదాత అనుచోట్ల వరి మాత్రమే వివక్షితము కాదు. ఆంగ్లమునను అంతే: స్వీట్‌మీట్ అనఁగా మిఠాయి, మీట్ అండ్ డ్రింక్ అనఁగా అన్నపానములు.

ఈ సామ్యమున నొక భేదము గలదు. నార్మనుల విజయము (1066) పిదప ఫ్రెంచిపదములు ఆంగ్లమునఁ బ్రవేశించినవి. షీప్ పశువునకును, మటన్ దాని మాంసమునకును నిలిచి, దేశ్యమును అన్యదేశ్యమును బని పంచుకొన్నవి. తెలుఁగున నట్లు కాలేదు. తత్సమమగు మాంసము రాఁగా పొల, ఎఱచి అనునవి వాడుకనుండి తొలఁగినవి. పొల రాక్షసవాచకమగు పొలదిండి యందు మిగిలినది. కూడు నిలిచినది కాని గౌరవము గోలుపోయినది. ప్రాచీనకావ్యములలో నిందాస్పర్శ లేక యన్నమును దెలిపిన యా పదముతో నేఁడు అతిథిని భోజనమునకుఁ బిలువరాదు.

ఇందలి ప్రమాదము చిన్నది కాదు. నేఁటి రుచితోఁ బాఁతకావ్యము చదువు విద్యార్థి, కూడను పదము గన్న చోటనెల్ల కవికి గ్రామ్యదోష మంటఁగట్టును. మీట్ ను మాంసమనువాఁ డొనర్చు తప్పే యిది. కావున నొక పదమునకు నొక పర్యాయము కంఠస్థము చేయించుట చాలదు. ఏ కాలపుఁ బ్రయోగము, ఏ సమాసమందలిది, ఎంత గౌరవము గలది అని మూఁడును బోధింపవలెను. ధాతువు పదము పుట్టుకను దెలుపును; అర్థనిర్ణయమునకు మాత్రము ప్రయోగమే ప్రమాణము.