అడిగించి నేర్పే చదువు

కృపవల్లే రక్షణ దొరికేటప్పుడు మంచి పనులతో పనేముంది? దేవుడు మంచివాడే అయితే పొలం ఎందుకు ఎండుతుంది, పసివాడికి జబ్బెందుకు చేస్తుంది? ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవదు, ఏం చేయాలి? బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచినా కోపం తగ్గలేదు, నాలో ఎదుగుదల ఉన్నట్టా లేనట్టా?

ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టర్ గారి చుట్టూ చేరేవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే. ఇవి నేటివి కావు. వీటిని ఒక వరుసలో పేర్చి, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల్లో జవాబు కూర్చి, ఇంట్లో పెద్దలు అడుగుతుంటే పిల్లలు అప్పజెప్పేలా నేర్పే పద్ధతి క్రైస్తవ లోకంలో శతాబ్దాలుగా ఉంది. దాన్ని కాటెకిజం అంటారు. ప్రశ్నోత్తరి అన్నా, జ్ఞానోపదేశం అన్నా మన సంఘాల్లో అదే. తెలుగు అచ్చు చరిత్రకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది. మద్రాసులో పనిచేసి వెళ్లిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్, సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన చిన్న కాటెకిజాన్ని తెలుగు చేసి 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాల్లో అది ఒకటి.

ఇంత పాత పద్ధతిని నేడు చాలామంది చిన్నప్పటి బట్టీగా గుర్తుపెట్టుకుని పక్కన పెట్టేశారు. కానీ దాని కూర్పు విప్పి చూస్తే, మనిషి ఎలా నేర్చుకుంటాడో, నేర్చుకున్నది బతుకులోకి ఎలా దిగుతుందో బాగా ఎరిగినవాళ్లు కట్టిన చదువని తెలుస్తుంది.

వేళ్లు ఎక్కడ?

ఈ పద్ధతి వేళ్లు యూదుల ఇళ్లలో ఉన్నాయి. పస్కా పండుగ రాత్రి పిల్లలు ఈ ఆచారం ఏమిటని అడుగుతారనీ, అప్పుడు ఐగుప్తు నుంచి విడుదలైన కథ చెప్పాలనీ నిర్గమకాండం నేర్పుతుంది. అక్కడ మొదట అడిగేది పిల్లవాడు, గురువు కాదు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు వేస్తూ కనిపించాడని లూకా సువార్త చెబుతుంది.

తొలి శతాబ్దాల సంఘం బాప్తిస్మానికి ముందు సుదీర్ఘమైన శిక్షణ పెట్టింది. మూడో శతాబ్దిదిగా చెప్పే ‘అపొస్తలుల సంప్రదాయం’ అనే గ్రంథం ఆ శిక్షణకు మూడేళ్ల గడువు చెబుతూనే, చూడవలసింది కాలం కాదు, నడవడిక అంటుంది. బాప్తిస్మానికి ముందు పరీక్షలో అడిగేవి కూడా సిద్ధాంతాలు కావు. విధవరాండ్రను గౌరవించావా, రోగులను చూడటానికి వెళ్లావా, మంచి పనులు చేశావా అన్నవే. నాలుగో శతాబ్ది నడుమ యెరూషలేములో బోధించిన సిరిల్, విశ్వాస ప్రమాణాన్ని కాగితం మీద రాసుకోవద్దనీ, గుండెలో నిలుపుకోమనీ శిష్యులకు చెప్పాడు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకు అగస్టీన్ ఈ బోధ చేసేవాళ్ల కోసమే ఒక పుస్తకం రాశాడు. చెప్పిందే చెప్పి విసుగెత్తే గురువుకు ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలో, నిలబడి వింటూ అలసిపోయిన శ్రోతకు కూర్చోవడానికి చోటు చూపించడం ఎందుకు మంచిదో కూడా అందులో ఉంది.

గోడమీది పాఠం

ఈ పద్ధతికి నేటి రూపం వచ్చింది పదహారో శతాబ్దిలో. 1528లో లూథర్ సాక్సనీ ప్రాంతపు సంఘాలను తనిఖీ చేశాడు. పల్లె జనానికి పది ఆజ్ఞలు తెలియవు, పరలోక ప్రార్థన రాదు. నేర్పవలసిన బోధకుల్లోనూ చాలామందికి చెప్పే సత్తా లేదు. మరుసటి ఏడు ఆయన చిన్న కాటెకిజం తెచ్చాడు. అది మొదట ఇంటి గోడకు తగిలించుకునే అచ్చు కాగితాలుగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు బల్ల, వీటికి తోడు ఉదయం, రాత్రి, భోజనం వేళ చేసే ప్రార్థనలు అందులో ఉన్నాయి. నేర్పే బాధ్యతను ఇంటి యజమాని మీద పెట్టాడు.

నేర్పడంలో ఆయన చెప్పిన మెట్లు మూడు. మొదట, ఒకే పాఠాన్ని ఎంచుకుని ఏటా మాట మార్చకుండా నేర్పాలి. ఈసారి ఒకలా, మరోసారి ఇంకోలా చెబితే నేర్చుకునేవాళ్లు తికమకపడతారు. పాఠం నోటికి వచ్చాక అర్థం చెప్పాలి. అది కుదురుకున్నాక లోతైన వివరణకు వెళ్లాలి. వినేవాళ్ల బతుకుకు ఏ ఆజ్ఞ ఎక్కువ అవసరమో దాన్ని నొక్కి చెప్పమన్నాడు. వ్యాపారులు, చేతిపనివాళ్లు, రైతులు ఉన్నచోట దొంగతనం గురించిన ఆజ్ఞ, పిల్లలున్నచోట తల్లిదండ్రులను గౌరవించే ఆజ్ఞ. విశ్వాసాన్ని ఎవరిమీదా బలవంతంగా రుద్దకూడదన్నది కూడా ఆ కాటెకిజం ముందుమాటలోదే.

ఆజ్ఞలను విప్పడంలో ఆయన నేర్పు ఇంకా సూక్ష్మమైనది. ప్రతి నిషేధం వెనక ఒక విధిని చూపిస్తాడు. నరహత్య ఆజ్ఞ కత్తి ఎత్తనివాడిని కూడా వదలదు. పొరుగువాడి ఒంటికి హాని చేయకపోవడం సగమే, ఆపదలో అతన్ని ఆదుకోవడం మిగతా సగం. దొంగతనం ఆజ్ఞ పొరుగువాడి ఆస్తి నిలిచేలా, పెరిగేలా తోడ్పడమంటుంది. అబద్ధ సాక్ష్యం ఆజ్ఞ ఎదుటివాడి గురించి మంచిగా మాట్లాడమనీ, అతను చేసినదాన్ని వీలైనంత మంచి కోణంలో అర్థం చేసుకోమనీ నేర్పుతుంది. నేనెవరికీ చెడు చేయలేదు కదా అనే మనిషికి దీని ముందు తప్పించుకునే దారి లేదు.

నువ్వు, నేను

1563లో జర్మనీలోని పలటినేట్ పాలకుడు మూడో ఫ్రెడరిక్ ఇంకో ప్రశ్నోత్తరి వెలువరించాడు. తన రాజ్యంలో ప్రభువు బల్ల గురించి బోధకులు కొట్లాడుకుంటుంటే అందరికీ ఒక ఉమ్మడి పాఠం కావాలని ఆయన పూనుకున్నాడు. కూర్పులో ప్రధాన పాత్ర జకారియస్ ఉర్సినస్‌ది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండలేదు. హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిగా పేరుపడ్డ ఆ పుస్తకంలో 129 ప్రశ్నలున్నాయి. వాటిని 52 ఆదివారాలకు పంచారు.

దాని మొదటి ప్రశ్న దేవుడు ఎవరని కాదు. బతికున్నా చనిపోయినా నీకున్న ఒకే ఒక్క ఆదరణ ఏమిటని. జవాబు చెప్పేవాడు ‘నేను’ అంటూ, తాను తనవాడు కాననీ, క్రీస్తు సొత్తుననీ చెప్పుకోవాలి. పుస్తకం పొడుగునా ఈ ‘నువ్వు, నేను’ ధోరణి కనబడుతుంది. ఏదైనా సిద్ధాంతం చెప్పాక, ఇది తెలిస్తే నీకేం మేలు అని మళ్లీ అడగడం దీని ప్రత్యేకత. ప్రశ్నోత్తరి అసలు బలం నా దృష్టిలో ఇక్కడే ఉంది. ప్రసంగం వినేవాడు అరగంట ఊరుకుని కూర్చోవచ్చు. ప్రశ్న ఎదురైనవాడు నోరు తెరిచి ‘నేను’ అనక తప్పదు.

వరుస కూడా బోధలో భాగమే. లూథర్ పది ఆజ్ఞలను ముందు పెట్టాడు. మనిషి తన లోపం ఎరిగి, తర్వాత విశ్వాస ప్రమాణంలో కృపను చూసి, ఆపై ప్రార్థనలో దాన్ని అడగాలన్నది ఆయన క్రమం. హైడెల్‌బర్గ్‌లో మొదటి భాగం మనిషి దుస్థితి, రెండోది విడుదల, మూడోది కృతజ్ఞత. పది ఆజ్ఞలనూ ప్రార్థననూ ఈ మూడో భాగంలో పెట్టారు. అవే ఆజ్ఞలు ఒకచోట అద్దంలా తప్పు చూపిస్తాయి, ఇంకోచోట ఋణపడ్డ మనిషి ఇష్టంగా నడిచే దారి అవుతాయి.

పాత ప్రశ్నలకు జవాబులు

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వద్దాం. వాటికి పునాదిగా, విశ్వాసం అంటే ఏమిటో చెబుతూ హైడెల్‌బర్గ్ రెండు పోగులు చూపిస్తుంది. ఒకటి తెలుసుకోవడం, రెండోది ఆనుకోవడం. దేవుడు ఇతరులకే కాదు, నాకు కూడా క్షమాపణ ఇచ్చాడని నమ్మి ఆయన మీద బరువు వేయడం. వాక్యాలు ఎన్ని తెలిసినా ఈ రెండోది లేకపోతే అది సమాచారమే.

కృపవల్ల రక్షణ అయితే మంచి పనులెందుకన్న ప్రశ్నకు 86వ ప్రశ్న దగ్గర జవాబు దొరుకుతుంది. మంచి పనులు రక్షణకు చెల్లించే వెల కావు, పొందినదానికి పుట్టే కృతజ్ఞత. మన నడతను చూసి పొరుగువాళ్లు క్రీస్తు వైపు తిరగవచ్చన్నది కూడా అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి.

కష్టాల గురించిన జవాబు అన్నిటికంటే జాగ్రత్తగా ఉంది. వానా కరువూ, ఆరోగ్యమూ రోగమూ గుడ్డిగా వచ్చిపడేవి కావనీ, తండ్రి చేతి నుంచి వస్తాయనీ అంటుంది. ఈ పిల్లవాడికే ఈ జబ్బు ఎందుకన్న ప్రశ్నకు మాత్రం కారణం చెప్పే సాహసం చేయదు. దానికి బదులు కష్టంలో ఓర్పు, సుఖంలో కృతజ్ఞత, రేపటి గురించి ధైర్యం, ఈ మూడు చేతికిస్తుంది. పాపం చేసి ఉంటావు, అందుకే జబ్బు చేసింది అని మంచం పక్కన నిలబడి తీర్పు చెప్పేవాళ్లు ఈ మౌనం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

మనసు నిలవని ప్రార్థనకు మందు లూథర్ 1535లో రాసిన చిన్న పుస్తకంలో ఉంది. పీటర్ అనే తన మంగలి మిత్రుడు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే రాసిచ్చాడు. మంచి మంగలి చూపూ ధ్యాసా కత్తి మీద నిలపకుండా కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో కోస్తాడు, ప్రార్థనకూ అంతే ధ్యాస కావాలంటాడు. పది ఆజ్ఞల్లో ఒకటి తీసుకుని దాన్ని నాలుగు పోగుల దండలా అల్లమంటాడు. ఇది నాకేం నేర్పుతోంది? దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఏ తప్పు ఒప్పుకోవాలి? ఏం అడగాలి? అన్నీ ఒకేరోజు ముగించనక్కర్లేదు. నడుమ ఒక మంచి ఆలోచన మనసును పట్టుకుంటే మిగతావి వదిలి మౌనంగా దాన్నే వినమని కూడా చెప్పాడు. కంఠత పాఠం ప్రార్థనగా మారేది ఇలాగే.

ఇక ఎదుగుదల. ఎంతటి భక్తుడైనా ఈ జన్మలో విధేయతకు చిన్న ప్రారంభం మాత్రమే చేయగలడని హైడెల్‌బర్గ్ నిర్మొహమాటంగా చెబుతుంది. అయినా కొన్ని ఆజ్ఞల ప్రకారమే కాదు, అన్నిటి ప్రకారం నడవాలన్న తపన మొదలైతే అది నిజమైన ప్రారంభమేనంటుంది. కోపం తగ్గలేదని బాధపడే మనిషికి ఇందులో మందలింపూ ఉంది, ఊరటా ఉంది. కోపాన్ని సమర్థించుకోవడం మానేసి దాని గురించి బాధపడుతున్నాడంటే ఎదుగుదల ఆగలేదు. లూథర్ కూడా, వేదాంత పండితుడినై ఉండి రోజూ ఈ పాఠాన్ని వల్లెవేసుకుంటాననీ, దీనికి ఎప్పటికీ పిల్లవాడినేననీ రాసుకున్నాడు.

మన నేల మీద

తెలుగు పల్లెల్లో ఈ చదువు ఇంకో రూపు తొడిగింది. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. వాళ్లకు నేర్పే భారం పల్లె బోధకులది, ఉపదేశులది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య కాలంలోనూ పల్లె గురువులే విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన నోటితో చెప్పి నేర్పారు. పాట అందుకు తోడైంది. పురుషోత్తమ చౌదరి వంటి కవుల కీర్తనలు రాగం మీద సిద్ధాంతాన్ని మోసుకెళ్లాయి. సండే స్కూల్ కంఠత వాక్యం నేటికీ ఆ వారసత్వమే. అయితే వాక్యం నోటికి రావడంతోనే మనం తృప్తిపడిపోతున్నాం. దీని అర్థమేమిటి, దీనివల్ల నీకేం మేలు అన్న రెండు ప్రశ్నలు చాలాచోట్ల రాలిపోయాయి.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. జవాబు చిలకపలుకైతే ప్రశ్న చచ్చిపోతుంది. పుస్తకంలో లేని ప్రశ్న అడిగిన పిల్లవాడిని అవిశ్వాసి అని కసిరే గురువు చేతిలో ఇది సంకెల అవుతుంది. పునరుత్థానాన్ని శంకించిన తోమాను యేసు కసరలేదు, గాయాలు చూపించాడు. రాసిన కాలపు కోపతాపాలూ వీటిలోకి చొరబడ్డాయి. హైడెల్‌బర్గ్ 80వ ప్రశ్న కథోలికుల పూజ మీద వాడిన కటువైన మాటలను మన కాలంలో ఆ ప్రశ్నోత్తరిని అనుసరించే కొన్ని రిఫార్మ్డ్ సంఘాలే పక్కన పెట్టాయి. కథోలిక సంఘం 1992లో తన పెద్ద సత్యోపదేశ గ్రంథాన్ని వెలువరించి, 2005లో దాని సారాన్ని మళ్లీ 598 ప్రశ్నల్లోకి దించింది. విడివిడిగా నడిచిన ప్రొటెస్టెంట్, కథోలిక సంఘాలు రెండూ ఒకే పద్ధతిని నమ్ముకోవడం దాని సత్తాకు సాక్ష్యం.

యూట్యూబ్‌లో నేడు ప్రసంగాలకు కరువు లేదు. కరువల్లా అడిగేవాళ్లకు, అడగనిచ్చే ఇళ్లకు. అందుకని తల్లిదండ్రులకూ సండే స్కూల్ టీచర్లకూ ఒక మాట. ఏడాదికి 52 వారాలు. వారానికి ఒక్క ప్రశ్న తీసుకోండి. పిల్లల చేత అడిగించండి, పెద్దలు జవాబు చెప్పండి, మరుసటి వారం వాళ్లను అడగండి. ఆ జవాబు ఆ వారంలో మీ ఇంట్లో ఏ పనిగా మారిందో కూడా మాట్లాడుకోండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, కలిసి వెతకండి.