మాల్షేజ్ ఎక్కే జీపు

భివండీలో మొదలయ్యే 61వ నంబరు జాతీయ రహదారి కల్యాణ్, మాల్షేజ్ ఘాట్, పర్భణీ, నాందేడ్, భైంసాల మీదుగా నిర్మల్ చేరుతుంది. మరమగ్గాల పనికి వలస వెళ్లిన ఉత్తర తెలంగాణ పద్మశాలీలకు ఇది సొంతూరి దారి. ఇంత దూరానికి పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపును సిద్ధం చేసే మెకానిక్ పనితనం ఎంతో మెచ్చుకోదగ్గది.

1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టిన మహీంద్రా ఆ నిర్మాణాన్నే దశాబ్దాలపాటు కొనసాగించింది: నిచ్చెన ఆకారపు ఛాసిస్, బిగువైన ఇరుసులు, వాటికి కమాన్ పట్టీలు. పాత డీజిల్ ఇంజన్‌లో కంప్యూటర్ ఉండదు. అందుకే చెయ్యీ చెవీ ముఖ్యం. మంచి మెకానిక్ విరిగిన పట్టీ కోసం కమాన్లు తడిమి చూస్తాడు, యూ బోల్టులు బిగిస్తాడు, రేడియేటరు గొట్టాలు నొక్కి చూస్తాడు.

డ్రైవరుకు చెప్పే జాగ్రత్తలూ ఈ విద్యలో భాగమే. పొడి తారురోడ్డుపై ఫోర్‌వీల్ వేయకూడదు. మలుపులో ముందు, వెనక చక్రాల వేగాలు వేరు కావడంతో గేర్లు బిగుసుకుంటాయి. ఫోర్‌వీల్ అవసరం వానాకాలంలో కొండచరియలు జారే మాల్షేజ్ బురదలో. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి, లేకుంటే బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి.