‘పిసినారి’: ఒక నిందావాచకం

ఒక జాతి లోభిని ఏ మాటతో నిందిస్తుందో పరిశీలిస్తే, ఆ జాతి దేనిని ధర్మంగా భావించిందో తెలుస్తుంది. లోభి, కృపణుడు, పిసినారి అనే మాటలు వాడుకలో పర్యాయపదాలే. కాని వాటి పుట్టుక ఒకటి కాదు.

‘లోభి’కి మూలం ‘లుభ్’ ధాతువు; ఆశపడటం దాని అర్థం. ‘కృపణుడు’ మొదట దీనుడు, జాలిపడదగినవాడు. అక్షరతత్త్వాన్ని ఎరుగకుండానే లోకాన్ని విడిచినవానిని బృహదారణ్యకోపనిషత్తు కృపణుడన్నది. అక్కడ ధనప్రసక్తి లేదు. ఉండీ అనుభవింపనివాడు లేనివానివలెనే దీనుడు గదా! ‘పిసినారి’ దేశ్యం. ‘పిసిని’ అంటే లోభం. ‘పూజారి’లో వినిపించే ‘ఆరి’ దానిపై చేరింది. తమిళంలోనూ పిసినారి ఉన్నాడు. అక్కడ ‘పిసిన్’ అంటే బంక. ఈ సామ్యం ఒక్కటే నిరుక్తికి ప్రమాణం కాజాలదు గాని, చేతికంటిన కాసు ఊడిరాదన్న ఊహ ఆ మాటకు ఎంతైనా తగును.

గురజాడ 1897లో ముద్రితమైన ‘కన్యాశుల్కం’లో ముసలివరునికి లుబ్ధావధాన్లని పేరు పెట్టటంలోని ఔచిత్యం ఇక్కడ గమనింపదగినది. అతడు ఖర్చుకు వెనుదీసేవాడు మాత్రమే కాడు. కాటికి కాళ్ళు చాచిన వయసులోనూ ఆశ చావనివాడు. ‘పిసినారి’ అన్న మాట అతనిలో సగాన్నే పట్టగలదు.

తెలంగాణనుండి నేతపనివారు తరలిపోయి స్థిరపడిన నగరం సూరత్. ఆల్థాన్ మొదలైన పేటలున్న ఆ నగరపు గుజరాతీలో ‘కంజూస్’ వేరు, ‘కరకసర్’ వేరు. మొదటిది నింద, రెండవది గృహస్థుకు వన్నె. హిందీవారి ‘మక్ఖీచూస్’ నేతిలో పడిన ఈగనుసైతం చప్పరించేవాడు. తెలుగు లోభి ఎంగిలిచేత్తో కాకిని తోలడు. మొదటి చిత్రంలో దోషం తన సొత్తును పోనీయకపోవటం. రెండవదానిలో పరప్రాణికి ఒక మెతుకు రాల్చకపోవటం. లోభాన్ని తెలుగు నుడికారం ఈవితోనే కొలిచింది.

కనుక ‘కరకసర్’ను ‘పిసినారితనం’గా అనువదిస్తే అది కేవలం భాషాదోషం కాదు, మనిషికి చేసిన అన్యాయం. ఒక పూట తేనీరు మానుకొని ఇంటికి సొమ్ము పంపే మగ్గపు కార్మికుడు పొదుపరి. అతడు తన నోరు కట్టుకొన్నాడే గాని, ఇతరుల నోరు కొట్టలేదు.