పందికి ఆకు లెక్క

ఆవు ముందు ఆకు మోపు వేస్తే ఎవరూ వింతగా చూడరు. మా పందుల షెడ్డులో మల్బరీ రెమ్మలు కట్టి వేలాడదీస్తే మాత్రం దారిన పోయేవాళ్లు ఆగి మరీ అడుగుతారు. పంది మేతంటే తవుడు, నూకలు, హోటల్ డ్రముల్లో వచ్చే ఎంగిలి అనుకోవడమే అందరికీ అలవాటు. 2020లో అస్సాం, అరుణాచల్‌ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడ్డాక ఆ డ్రములంటే నాకు భయం పట్టుకుంది. అందులో పంది మాంసం ముక్కలు కలిసి, సరిగ్గా ఉడికించకుండా పోస్తే జబ్బును మనమే షెడ్డులోకి తెచ్చుకున్నట్టు. వేరుశనగ చెక్క కొందామంటే ధర అందదు. మా పలమనేరు వైపు పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ తోటలకు కొదవ లేదు. అలా ఆకు మీద ఆశ పుట్టింది.

ఆశకు లెక్క తోడుండాలి. పచ్చి మల్బరీ ఆకులో ఇంచుమించు ముప్పాతిక వంతు నీరే. కిలో ఆకు వేస్తే పందికి దక్కే ఎండు పదార్థం పావుకిలో. అందులో మాంసకృత్తులు ఐదో వంతు అనుకున్నా 50 గ్రాములు. ఆ మేరకు మాంసకృత్తులు సుమారు 120 గ్రాముల వేరుశనగ చెక్కలోనే దొరుకుతాయి. పైగా ఆకులోవి పీచుతో పెనవేసుకుని ఉంటాయి కాబట్టి అన్నీ ఒంటికి పట్టవు. ఆవుకైతే ముందుపొట్టలోని సూక్ష్మజీవులు ఆ పీచును విరగ్గొడతాయి. పందిది మనలాగే ఒకే గది పొట్ట. పీచు పులిసేది ఎక్కువగా పెద్దపేగుకు చేరాకే. ఎదిగే పందిని ఆకలి మీద ఆకు దగ్గరికి వదిలితే నీళ్లతో పొట్ట నింపుకుని దాణా మిగిల్చేస్తుంది. అందుకే మా దగ్గర దాణా ముందు, ఆకు తర్వాత. తల్లిపాలు మాన్పించిన పిల్లలకైతే దాదాపు పెట్టనే పెట్టం.

తినే తీరు చూడముచ్చటగా ఉంటుంది. లేత రెమ్మ అందితే మూతితో లాగి, ఆకు దూసుకుని, పుల్ల వదిలేస్తుంది. ముదురాకైతే నమిలి నమిలి పిప్పి ఉమ్మేస్తుంది. ఆ కాసేపూ ఒకదాని తోక ఒకటి కొరికే పని పెట్టుకోవు. చెక్క ఖర్చులో మిగిలేదానికంటే ఈ లాభమే నాకు పెద్దదనిపిస్తుంది.

పచ్చగా కనిపించిందల్లా మేత కాదు. నందిగామ వైపు కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు పుష్కలం, దాంతోపాటే మిమోసిన్ అనే విషమూ ఉంది. మోతాదు మించితే వెంట్రుకలు రాలతాయి, ఎదుగుదల ఆగుతుంది. చూలు పందుల దగ్గరికి అసలు తీసుకెళ్లకూడదు. ఆ విషాన్ని అరాయించే సూక్ష్మజీవులు హవాయి మేకల పొట్టలో ఉన్నాయని గుర్తించి, వాటిని ఆస్ట్రేలియాలో పశువులకు ఎక్కించారు. నెమరువేయని పందికి ఆ దారి లేదు. గట్ల మీది గ్లైరిసిడియా వాసనకు మూతి తిప్పుకుంటాయి. కాస్త వాడనిస్తే కొన్ని ముట్టుకుంటాయి. మునగాకు మంచిదే, అయితే దానికి ముందు మన వంటిల్లే పోటీ. పట్టుపురుగులు తినగా మిగిలిన మల్బరీ రెమ్మలు తేరగా వస్తాయి కానీ, వాటి మీద సున్నం, రోగం రాకుండా చల్లే పొడులు అంటుకుని ఉంటాయి. తోటలో మందు కొట్టింది ఎప్పుడో అడిగి, నేరుగా కోసిన ఆకే తెచ్చుకోవాలి. తెచ్చింది కుప్పగా వదిలేస్తే తెల్లారేసరికి లోపల వేడెక్కి చెడుతుంది.

మా షెడ్డులో పనిచేసే అతను ఒక మాటన్నాడు: "ఆకు ఊరికే వస్తాది సార్, కోసే మనిషి ఊరికే రాడు గదా." కొడవలి పట్టే చేతికి కూలి కడితే చాలాసార్లు చెక్కే చవక పడుతుంది. కంచె వెంబడి మల్బరీ నాటుకుని, ఇంటి పనుల మధ్య నాలుగు రెమ్మలు విరిచే తీరిక ఉండి, నాలుగైదు పందులు పెంచుకునేవాళ్లకు ఆకు నిజంగా ఆసరా. వంద పందులున్న షెడ్డుకు ట్రాలీల్లో ఆకు తోలాలనుకునేవాళ్లు ముందు నీళ్ల బరువు మోయడానికి ఎంత డీజిల్ కాలుతుందో లెక్క చూసుకోవాలి.